తిమ్మన్న శనివారపు తరుగు

“శనివారం నీ రక్తం గుడక ఒక్కపొద్దు ఉంటాదా, తిమ్మన్నా?”

డోన్‌లో ప్రాక్టీసు చేసే డాక్టరు మధులత ఈ ప్రశ్న ఫోన్లో అడిగింది. ఫోను బేతంచెర్లలో మందుల షాపు నడిపే జ్ఞానరాజుది. స్పీకరు పెట్టింది కూడా ఆయనే. దగ్గుమందు కోసం వచ్చిన ఇద్దరు మొహాలు పక్కకు తిప్పుకొని నవ్వారు. తిమ్మన్న నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. ప్రశ్నలో న్యాయం ఉందా లేదా అని కాసేపు ఆలోచించి, “అది తెలీదు మేడం. నేనయితే ఉంటా” అన్నాడు.

ఈ జవాబు విని ఆయన్ను అమాయకుడి కింద జమకట్టకండి. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ మేస్త్రీ ఆయన. వయసు యాభై రెండు. గని నుంచి దిగిన నాపరాయిలో ఏది నట్టింటికి, ఏది వాకిలికి, ఏది మరుగుదొడ్డి గోడకు అని విడదీయడం ఆయన పని. బండను వేలి కణుపుతో కొట్టి, మోత విని, లోపల నెర్ర ఉందో లేదో చెప్పేస్తాడు. ఆయన సరే అన్న బండ ఇంట్లో పరిచాక పగిలిందని ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు.

ఆ ఫ్యాక్టరీలో కూలి అడుగుల లెక్కన. కరెంటు పోయో మిషను చెడిపోయో ఒక రోజు అడుగులు తగ్గితే ఆ తగ్గినదాన్ని తరుగు అంటారు. మర్నాడు ఎక్కువ కోసి దాన్ని పూడ్చాలి. తిమ్మన్న కింద పనిచేసే జట్టు ముప్పై ఏళ్ళలో ఒక్క వారం కూడా తరుగుతో కూలి తీసుకోలేదు. పండగకు దండ వేయించుకోడు, ఉపన్యాసం ఇవ్వడు గానీ, ఈ ఒక్క సంగతి మాత్రం అడగకపోయినా చెప్తాడు. ఆయనకు ముంచుకొచ్చిన ప్రమాదం కూడా సరిగ్గా ఈ గొప్పలోంచే వచ్చింది.

పోయిన ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, సద్ది తిని లేవబోతూ తిమ్మన్న బండల వరస మీద అడ్డంగా పడిపోయాడు. కడుపు పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోయింది. గ్యాసు అనుకొని ఎవరో సోడా పట్టారు. సోడా తాగినంత వేగంగా బయటికి వచ్చింది. సాయంత్రానికి కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడ నర్సు తీసిన రక్తం గాజు గొట్టంలో కాసేపు నిలబడితే పైన తెల్లగా తేరుకుంది. అంత నొప్పిలోనూ తిమ్మన్న దాన్ని చూసి, “ఇది మా పాలిష్ నీళ్ళ మాదిరి ఉండాదే” అన్నాడట. ఆయన భార్య సుంకమ్మ ఈ మాటను ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది.

ఆ తెలుపు కొవ్వు. ట్రైగ్లిజరైడ్లు అంటారు. నూట యాభై లోపల ఉండాల్సిన అంకె ఆ రోజు పద్దెనిమిది వందల అరవై ఉంది. అంత కొవ్వు రక్తంలో తిరిగితే కడుపు వెనకాల ఉండే క్లోమం వాచిపోతుంది. తిమ్మన్నకు అదే జరిగింది. కారణాల కోసం పూర్వజన్మ దాకా వెళ్ళాల్సిన పనిలేదు. ఎన్నాళ్ళ నుంచో చూపించుకోని షుగరు, రోజుకు ఎనిమిది టీలు, ఒక్కో టీలో మూడు చెంచాల చక్కెర, ఆదివారం ఒక క్వార్టరు, దాని పక్కన మిరపకాయ బజ్జీలు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, దాచుకున్న దుడ్లన్నీ అక్కడ పెట్టి, తొమ్మిది వందల నలభైకి దిగిన అంకెతో ఇంటికి వచ్చాడు.

ఆ తర్వాత చూపించుకోవడం మధులత దగ్గర. ఆమెది రాజంపేట వైపు, సేద్యం చేసే కుటుంబం. మాట మెత్తన కాదు. మొదటి రోజే చెప్పింది.

“చూడు తిమ్మన్నా, ఈ అంకె ఐదొందల కిందికి దిగల్ల. దిగి ఆడే ఉండల్ల. లేకపోతే ఆ నొప్పి మల్లా వస్తాది. రెండోసారి వస్తే ఇంటికి పంపిస్తామని నేను మాట ఇయ్యలేను.”

అంకె దిగాలి. దిగకపోతే మనిషే ఉండడు. ఇంతకు మించి ఈ కథలో ముడి ఏమీ లేదు.

షుగరుకు మాత్ర, కొవ్వుకు ఒక మాత్ర ఇచ్చారు. క్వార్టరు మానేశాడు. టీలు రెండుకు దిగాయి, చక్కెర లేకుండా. ఈ మానడాలకు చుట్టుపక్కల వాళ్ళు మెచ్చుకుంటుంటే చిరాకుపడేవాడు. “నొప్పికి భయపడి మానినా. దానికేంది మెచ్చుకునేది?” అనేవాడు. అయినా అంకె మొండికేసింది. వినాయక చవితి అయ్యాక మధులత ఇంకొకటి చేర్చింది: చేప నూనె నుంచి తీసిన క్యాప్సూల్స్. రోజుకు నాలుగు. పొద్దున తిన్నాక రెండు, రాత్రి తిన్నాక రెండు. కొరకకూడదు, చిదమకూడదు, నీళ్ళతో అట్లే మింగాలి. రెండు నెలలయ్యాక పరగడుపున రక్తపరీక్ష.

ఆమె అడగాల్సిన ప్రశ్న కూడా అడిగింది. “చేపలు తింటావా? పడతాయా? దద్దుర్లు గిద్దుర్లు వస్తాయా?”

“తింటా మేడం. శానా బాగా పడతాయి.”

నిజమే. ఏ రోజుల్లో తినడో ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు.

తిమ్మన్న ఇంటి దేవుడు మద్దిలేటి నరసింహస్వామి. శనివారం ఆ ఇంట్లో నీసు ముట్టరు; వాళ్ళ ఒక్కపొద్దు అంటే అదే. సోమవారం సుంకమ్మ పుట్టింటి శివుడిది, ఆ రోజూ ముట్టరు. కార్తీకమాసం మొత్తం ముట్టరు. చేప కూర వండే దాకను వంటింట్లోకి కూడా రానివ్వరు. పెరట్లో రేకుల కొట్టంలో దానికో మూల ఉంది. క్యాప్సూల్స్ డబ్బా ఇంటికి రాగానే సుంకమ్మ దాని మీదున్న చేప బొమ్మను చూసి, తీసుకెళ్ళి ఆ దాక పక్కన పెట్టింది. మన ఎండకు మధ్యాహ్నం ఆ రేకుల కింద చెయ్యి పెట్టలేం. నాలుగో రోజుకల్లా క్యాప్సూల్స్ ఒకదానికొకటి అంటుకుపోయాయి. తిమ్మన్న వాటిని గోటితో విడదీసుకొని మింగాడు.

మొదటి శనివారం వచ్చింది. మింగలేదు. కానీ తరుగుంటే నిద్ర పట్టే మనిషి కాదు కదా. ఆదివారం శనివారానివి నాలుగు, ఆదివారానివి నాలుగు కలిపి ఎనిమిది మింగాడు. సోమవారం మానేశాడు, మంగళవారం మళ్ళీ ఎనిమిది. వారానికి ఇరవై ఎనిమిది కావాలి, ఇరవై ఎనిమిదీ కడుపులోకి వెళ్ళాయి. ఆయన లెక్కలో ఒక్కటి తగ్గలేదు. దేవుడి లెక్కా సరిపోయింది, డాక్టరు లెక్కా సరిపోయింది.

సరిపోనిది కడుపుకే. ఆదివారం, మంగళవారం రోజంతా చేప తేన్పులు, రెండు మూడుసార్లు విరేచనాలు. ఫ్యాక్టరీలో పక్కన నిలబడ్డవాళ్ళు, “ఏమప్పా మేస్త్రీ, పొద్దన్నే చేపల పులుసా? మాకు ఒగ ముక్క గుడక తేకపోతివే!” అని ఎగతాళి చేసేవాళ్ళు. పులుసు తినకుండానే తిన్న పేరు వచ్చింది.

తిమ్మన్నను మూఢుడని తేల్చేయడం సులువు. చదువుకున్నవాళ్ళం ఆ పని చాలా ఇష్టంగా చేస్తాం. కానీ ఆయన మందు మానలేదు, దాచలేదు, పారేయలేదు. తనకు తెలిసిన పనిలో నిజాయితీ ఎట్లా ఉంటుందో అట్లాగే మందు దగ్గరా ఉన్నాడు. ఒంటికి మాత్రం తరుగు పూడ్చడం తెలీదు. దానికి రోజుది రోజుకు కావాలి.

రెండు నెలలకు, కార్తీకం మొదలైన వారం తర్వాత, డోన్‌లో రక్తం ఇచ్చాడు. ఎనిమిది వందల డెబ్బై.

మధులత కాగితాన్ని రెండుసార్లు చూసింది. “మందు సరిగ్గా ఏసుకుంటాండావా?”

“పోయిన నెలాఖరు దాకా ఒగటి గుడక మిగల్చలేదు మేడం.”

ఇదీ నిజమే. నెలాఖరు అనే మాటను ఆమె పట్టించుకోలేదు, బయట పద్దెనిమిది మంది కూర్చొని ఉన్నారు. మందు పనిచేయడం లేదేమో, ఇంకో దారి చూడాలేమో అనుకుంటూ, ఇంకొక్క నెల చూద్దామని అదే చీటీ మళ్ళీ రాసింది. తిమ్మన్న ప్యాసింజరు రైలెక్కి బేతంచెర్లలో దిగి, స్టేషను నుంచి నేరుగా జ్ఞానరాజు షాపుకు వెళ్ళాడు.

జ్ఞానరాజు చీటీ చూసి మందులు తీస్తుంటే తిమ్మన్న ఆపాడు. “షుగరుది, కొవ్వుది ఇయ్యప్పా. చేప మాత్రలు ఇప్పుడొద్దు.”

“ఏంటికి?”

“కార్తీకం కదప్పా.”

“అయితే?”

“నెల అయిపోయినాక తీసుకుంటా. ఈ నెలవి, ఆ నెలవి కలిపి మింగుతా.”

జ్ఞానరాజు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “కలిపి అంటే?”

“దినానికి ఎనిమిది. నెల దినాల్లో తరుగు పూడిపోతాది.”

“ఇంతకుముందు గుడక ఇట్ల పూడ్చినావా?”

“శనివారానిది ఆదివారం, సోమవారానిది మంగళవారం. యానాడూ బాకీ పెట్టలే” అన్నాడు తిమ్మన్న, కాస్త గర్వంగానే.

జ్ఞానరాజు ఆదివారం చర్చిలో పాట పాడే మనిషి. దేవుడి పేరు వినగానే తగ్గిపోయే రకం కాదు. అక్కడికక్కడే మధులతకు ఫోను కలిపి, జరిగింది చెప్పి, స్పీకరు పెట్టాడు. మొదట రాసిన ప్రశ్న వచ్చింది అప్పుడే. ఆ వెనకే ఇంకో మాట వచ్చింది. “రేపు సుంకమ్మను పిల్చుకొని రా. ఇంట్లో ఎన్ని మాత్రలు ఉంటే అన్నీ ఒగ సంచిలో ఏసుకొని రా. ఒగటి గుడక వదలొద్దు.”

మర్నాడు సంచి బోర్లిస్తే డాక్టరు బల్ల మీద పద్నాలుగు అట్టలు పడ్డాయి. అందులో చిన్న ఆస్పిరిన్ ఒకటి. రెండేళ్ళ కిందట వేరే డాక్టరెవరో గుండెకు మంచిదని రాసింది. రక్తం పలచన చేసే మందులు వేసుకుంటున్నావా అని మధులత మొదటి రోజే అడిగింది. వేసుకోవడం లేదని ఈయన చెప్పాడు. ఆయన దృష్టిలో అది గుండె మాత్ర.

“ఇది ఉంటే చేప నూనె ఏసుకోకూడదని కాదు. రెండూ కలిస్తే రక్తం తొందరగా గడ్డ కట్టకపోవచ్చు. పండ్లు తోముకునేటప్పుడు రక్తం వస్తాండాదా?”

“అప్పుడప్పుడు.”

“అదే నాకి చెప్పల్ల. ఒంటి మీద నల్లగా కమిలినా చెప్పల్ల. పన్ను పీకించుకోవాలంటే ఆ డాక్టరుకు ముందే చెప్పల్ల. గుండె ఉన్నట్టుండి లయ తప్పి దడదడా కొట్టుకుంటే, తగ్గుతాదిలే అని పండుకోవద్దు, రావల్ల.” ఆస్పిరిన్ అవసరమా కాదా అని గుండె పరీక్ష రాసింది. కాలేయం పరీక్ష, మిగతా కొవ్వుల పరీక్ష కూడా రాసింది. ఈ మందు ఒక కొవ్వును దించేటప్పుడు ఇంకొకటి పెరగవచ్చట. చూసుకుంటూ ఉండాలి.

తర్వాత అసలు సంగతికి వచ్చింది. “ఒగ పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు తిని ఏసుకో. దినమంతా తప్పిపోతే పోయిందంతే, దాన్ని వదిలెయ్. మర్నాడు నాలుగే. ఎనిమిది కాదు. ఇది మీ బండల తరుగు కాదు.”

“మరి శనివారం?”

“శనివారం నాలుగు. సోమవారం నాలుగు. కార్తీకంలో దినామూ నాలుగు. నీ తప్పు ఒగటే కాదులే, ఏ దినాలు చేప ముట్టవో నేను అడగల్సింది.” ఆమె సంచిలోంచి పడ్డ ఇంకో అట్టను పైకి తీసింది. “ఈ గ్యాసు క్యాప్సూలు శనివారం ఏసుకుంటావా?”

“పదేండ్ల నుంచి ఏసుకుంటాండా.”

“దీని పైతొడుగు దేంతో చేస్తారో తెలుసా? జెలటిన్. పశువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు.”

తిమ్మన్న ఆ అట్ట వైపు బండలో కొత్తగా నెర్ర కనబడినట్టు చూశాడు. పదేళ్ళ శనివారాలు ఒక్క వాక్యంలో పోయాయి.

శాస్త్రం చెప్పి మనిషిని గెలవవచ్చు, కానీ అలా గెలిచినంత మాత్రాన ఆయన ఇంటికెళ్ళి మందు మింగుతాడని లేదు. ఆ రోజు మింగేలా చేసింది సుంకమ్మ. అప్పటిదాకా గోడకు ఆనుకొని కూర్చున్న ఆమె ముందుకు జరిగి, డబ్బా అడిగి తీసుకొని, ఒక క్యాప్సూలును వెలుతురులో పట్టి చూసింది.

“దీంట్లో ఉప్పు ఉండాదా మేడం?”

“లేదు.”

“కారం?”

“లేదమ్మా.”

“ముల్లు?”

మధులత నవ్వు ఆపుకోలేకపోయింది. “లేదు.”

“ఇంగ ఇది చేప యట్లయితాది?” అంది సుంకమ్మ భర్త వైపు తిరిగి. “సామికి మనం మొక్కుకునింది రుచి వదులుకుంటామని. దీంట్లో వదులుకునేదానికి ఏముండాది? నీకు రుచి కావాలంటే చెప్పు, కార్తీకం పోయినాక ఆదివారం నేనే చేస్తా, నూనె తగ్గించి. దీన్ని మాత్రం దినామూ మింగు. నువ్వు పోతే శనివారాలు నేను ఒగదాన్నే ఉండల్లనా?”

ధర్మశాస్త్రం ఒప్పుకుంటుందో లేదో గానీ, ఇంతకన్నా శుభ్రమైన తీర్పు చెప్పగలవాళ్ళు నాకు కనిపించలేదు. రైల్లో తిమ్మన్న, “ముందే చెప్పింటే అన్ని తేన్పులు తప్పేవి గదా” అన్నాడు. “నన్ను అడిగితివా?” అంది ఆమె. ఆ సాయంత్రం డబ్బా రేకుల కొట్టం నుంచి నట్టింట్లోకి వచ్చింది. ఎండ తగలని చోట, టీవీ పక్కన. అంటుకుపోయినవి జ్ఞానరాజుకు చూపించి పారేశారు.

ఇక దుడ్ల సంగతి. ఆ మందు నెలకు రెండు వేల నాలుగు వందలు. ఆసుపత్రి తర్వాత ఇంట్లో మిగిలింది తక్కువ. తిమ్మన్న వాళ్ళ అన్న పెద్ద ఈరన్న బెంగళూరుకు బండల లారీ తోలుతాడు. ఆయనకు తమ్ముడంటే ప్రేమ, తక్కువ ధర అంటే ఇంకా ప్రేమ. ఒక ట్రిప్పులో కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉన్న చేప నూనె సీసా ఒకటి తెచ్చాడు. అరవై క్యాప్సూల్స్, ఐదు వందలు.

“అదే చేప, అదే నూనె. ఆ జ్ఞానరాజు నిన్ను దోచుకుంటాండాడు” అన్నాడు.

తిమ్మన్న సీసాను జ్ఞానరాజు దగ్గరికే తీసుకెళ్ళాడు. జ్ఞానరాజు కోపం తెచ్చుకోకుండా సీసా తిప్పి వెనక చిన్నక్షరాలు చదివించాడు. ముందు వైపు చేప నూనె వెయ్యి మిల్లీగ్రాములు అని పెద్దగా ఉంది. వెనక వైపు, కొవ్వును దించడానికి పనికొచ్చే భాగం మూడు వందలే అని ఉంది. డాక్టరు రాసిన దాంట్లో అది ఎనిమిది వందల పైన.

“ఆ నాలుగింటికి సమానం కావాలంటే ఇవి దినానికి పదకొండు పన్నెండు మింగల్ల. మిగతా నూనె యేందో, ఎంత శుద్ధిదో నాకి తెలీదు. మింగు అని నేను చెప్పను. డాక్టరమ్మను అడక్కుండా మార్చనూ మార్చను.”

“పన్నెండంటే మల్లా తేన్పులే” అన్నాడు తిమ్మన్న. “కానీ నా దగ్గర ఇప్పుడు నెలది మొత్తం లేదప్పా.”

“నేను అడిగితినా?” అని జ్ఞానరాజు, డాక్టరు రాసిన మందే అప్పు మీద పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. వ్యాపారం తెలిసినవాడు చేసే పని కాదు అది. ఆ సీసాను పెద్ద ఈరన్న లారీలోనే ఉంచుకున్నాడు. రోజుకొకటి మింగుతూ కండలు రాలేదని కంపెనీని తిట్టుకుంటున్నాడు.

రోజులు మామూలుగా గడిచాయి. శనివారం పొద్దున తిమ్మన్న స్నానం చేసి, మద్దిలేటి స్వామికి దండం పెట్టి, రెండు జొన్నరొట్టెలు పప్పుతో తిని, రెండు క్యాప్సూల్స్ మింగి ఫ్యాక్టరీకి వెళ్తున్నాడు. దండానికీ క్యాప్సూల్స్‌కీ మధ్య ఏ గొడవా రాలేదు. తేన్పులు దాదాపు పోయాయి. సాయంత్రం స్టేషను దాకా నడిచి వస్తున్నాడు. గుండె పరీక్షలో తేడా ఏమీ లేదు. చూసి మధులత ఆస్పిరిన్ ఆపేయించింది. చిగుళ్ళ రక్తం ఆగింది. ఒక గురువారం పెళ్ళికి పోయి రాత్రివి రెండు మర్చిపోయాడు. మర్నాడు పొద్దున డబ్బా ముందు చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యి నాలుగింటి దాకా పోయింది. రెండే తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళ మేస్త్రీగిరీలో ఆయన తరుగును తరుగుగా వదిలేయడం అదే మొదటిసారి. పైకి చిన్న పనే గానీ ఆయనకు చాలా కష్టమైందని సుంకమ్మ అంటుంది.

మాఘంలో మళ్ళీ పరగడుపున రక్తం ఇచ్చాడు. ఈసారి గొట్టంలో పైన తెల్లగా ఏమీ తేలలేదు. నాలుగు వందల పది.

“దిగింది” అంది మధులత. “మందు ఒగటే దించలేదు. నీ టీలు, నీ ఆదివారాలు, షుగరు మాత్ర, నడక, అన్నీ కలిసి దించినాయి. ఏ ఒగటి వదిలినా మల్లా ఎక్కుతాది. ఇంగా దిగల్ల.”

“దిగుతాది మేడం. ఒగ బజ్జీ తినొచ్చునా?”

“ఒగటంటే ఒగటే.”

డోన్ స్టేషను బయట సుంకమ్మ ఒక పొట్లం బొరుగుల ఉగ్గాని, ఒక్క బజ్జీ కొనిచ్చింది. ఆయన బజ్జీని రెండుగా తుంచి పెద్ద ముక్క ఆమెకిచ్చి, చిన్నది రైలొచ్చేదాకా తిన్నాడు. బేతంచెర్లలో దిగి జ్ఞానరాజు షాపు దగ్గర ఆగి కాగితం చూపించాడు. జ్ఞానరాజు అంకె చదివి, మరుసటి నెల డబ్బా తీసి ఇచ్చాడు.

వారం వారం ఇస్తున్నా, ఆ షాపులో తిమ్మన్న ఇంకా మూడు వేల ఎనిమిది వందల రూపాయలు బాకీ.